గుడ్డ తొడిగిన రెక్కలు
1930ల చివర్లో అమెరికాలో వచ్చిన పైపర్ జె-3 కబ్ విమానానికి ముక్కు భాగం తప్ప ఒళ్లంతా గుడ్డే. దాన్ని నాలుగో వంతు కొలతలో నమూనాగా కడితే రెక్కల పొడవే దాదాపు తొమ్మిది అడుగులు.

గుడ్డ తొడిగే ముందు నమూనా కర్ర చట్రాన్నంతా సాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దాలి. గోరుకు తగిలీ తగలని గరుకు కూడా రంగు పడ్డాక బయటపడుతుంది. పాలియెస్టర్ గుడ్డను అంచుల వెంట అతికించి, చిన్న ఇస్త్రీపెట్టెతో మెల్లగా వేడి చేస్తే ముడతలు పోయి, సెగ తగిలిన డప్పులా బిగుస్తుంది. ఒక పక్కే వేడి చేస్తే మాత్రం రెక్క మెలి తిరుగుతుంది. అలాంటి రెక్కతో విమానం తిన్నగా ఎగరదు. అందుకే పైనా కిందా మార్చి మార్చి వేడి చేయాలి.

ఆ తర్వాత డోప్ అనే ద్రవాన్ని గుడ్డకు పూయాలి. నేత సందులు పూడేలా పలుచని పూతలు చాలు. దాని ఆవిరి ఘాటైనది, ఇట్టే అంటుకుంటుంది. గాలాడే చోట, నిప్పుకు దూరంగా, మాస్కుతో పని చేయండి.

కబ్‌కు పసుపు రంగు, పక్కన నల్లని మెరుపు గీత. ఎంత ముచ్చటగా ఉన్నా పూత మీద పూత వేయకండి. తోక మీద పెరిగిన కాస్త బరువుకు సమతూకం కోసం ముక్కులో అంతకు రెట్టింపుకు పైగా సీసం పెట్టాల్సి రావచ్చు. గీత కోసం అంటించిన టేపును రంగు పూర్తిగా గట్టిపడక ముందే వెనక్కి మడిచి లాగండి, అంచు పదునుగా వస్తుంది.