అంచెలంచెలుగా అందివచ్చు విలువలు

ఒక గ్రంథాలయమువారు తమ కంప్యూటరును ఇట్లు ప్రశ్నించిరనుకొందము: "ఏ సభ్యుడు ఏ పుస్తకమును కొనిపోయెను? పేర్ల అకారాది క్రమమున చెప్పుము." సభ్యుల వివరములొక పట్టికలోను, అరువిచ్చిన పుస్తకములు వేరొక పట్టికలోను ఉన్నవి. జవాబు క్షణములో తెరపై కనబడును. ఈ నడుమ జరుగు పనిని నేడు పరిశీలింతము. దృష్టాంతముగా మేము గైకొనునది పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు. 1986లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున మొదలైన ఈ కృషి, 1996 నుండి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను పేరుతో సాగుచున్నది.

ప్రశ్న అందగానే కంప్యూటరు ఒక ప్రణాళికను వేసికొనును. అందు అన్నిటికంటె పైనున్న అంచె వరుసలను క్రమపరచును. దాని క్రింది అంచె రెండు పట్టికలను జతపరచును. అట్టడుగున రెండంచెలు చెరియొక పట్టికను చదువును. మేడ కట్టుచోట కూలీలు నిచ్చెనపై నిలిచి తట్టలందించు తీరు మన మెరుగుదుము. ఇచటను అట్లే, కాని పైవాడు అడిగిననే గాని క్రిందివాడు అందింపడు. అడిగిన ప్రతిసారియు ఒక్క వరుస మాత్రమే పైకి వచ్చును.

ఆ తట్టకు ఈ శాస్త్రమున స్లాటు అని పేరు. అందు ప్రతి గడికిని ఒక విలువయు, దాని ప్రక్కనే "ఇది శూన్యమా, కాదా" అను ఒక గుర్తును ఉండును. సున్న రూపాయలు బాకీ యనుటకును, బాకీ యెంతయో నమోదు కాలేదనుటకును ఎంత భేదము! ఆ భేదమును కాపాడునది ఈ గుర్తే. పేర్ల నిడివి వరుస వరుసకును మారును గనుక, మూడవ గడిని చేరుటకు మొదటి రెంటిని దాటవలెను. అందుచే కావలసిన గడివరకే మూట విప్పి, తక్కినదానిని ముట్టకుండ విడుతురు.

పని మొదలగునప్పటికి గడుల పేర్లతో అవసరముండదు, సంఖ్యలే మిగులును. జతపరచు అంచె "సభ్యుని పేరు" అని అడుగదు. "వెలుపలి వైపునుండి వచ్చిన వరుసలో రెండవ గడి" అని చూచును. ప్రతి అంచెలోని సంఖ్యలును దాని క్రింది అంచె అందించు వరుసను బట్టి ముందుగానే సరిచూడబడును. ఈ లెక్క ఒక్క గడి తప్పినచో పేరుండవలసినచోట ఊరు వచ్చును. ఒకని పుస్తకమునకు వేరొకనికి తాఖీదు పోవును.

మరియొక జాగ్రత్త యున్నది. చదువు అంచె తరచుగా విలువను పైకి ఇయ్యదు, అది యున్న తావును మాత్రము చూపును. తట్టలోని వరుస మారువరకు ఆ పుటను జ్ఞాపకస్థానమునుండి తొలగనీయదు. తరువాతి వరుస నడిగినంతనే ఆ తట్టయే మరల నిండును. పాత వరుస పోవును. వెంటనే వాడుకొను అంచెకు ఇది చాలును. క్రమపరచు అంచెకో, అన్ని వరుసలును చేజిక్కువరకు దాచుకొనవలెను గనుక, ప్రతిదానికిని నకలు తీసికొనక తప్పదు. నకళ్లు బరువు గనుకనే దాని క్రింది అంచె అవసరమైన గడులను మాత్రమే ఏరి పంపును.

అరువు ఎచట చాలునో, నకలు ఎచట కావలెనో ఎరిగి నడచుటయే ఈ యంత్రాంగపు వేగమునకును, మన మా జవాబును నమ్ముటకును ఆధారము.