ఉన్ని లేసు స్వెట్టరు: తుది కొలత



నరసాపురపు లేసెరిగిన మన స్త్రీలకు ఢిల్లీ చలి రెండు సూదుల ఉన్ని లేసును నేర్పినది. దారము చుట్టినచోట రంధ్రమేర్పడును. ప్రక్కన రెండు కుట్లు కలిపి అల్లగా లెక్క సరియగును. సూదులనుండి దింపగానే ఆ రంధ్రములు ముడుచుకొనియుండును. అప్పుడే తొడిగి, బిగువని విప్పివేసినచో నెలల శ్రమ వృథా. గోరువెచ్చని నీట నానవైచి, మెలిపెట్టక తువ్వాలులో అదిమి, కొలతకు గుండుసూదులు గ్రుచ్చి, చదునుగా ఆరనీయవలెను. షెట్లండు దీవులవారు లేసు శాలువలను తడిగా చట్రములపై సాగదీసి ఆరబెట్టుట యిందులకే.

ఆరినపిదప భుజపుకుట్టు భుజాగ్రమున నిలిచెనా, బొత్తాములనడుమ నోరు తెరచుకొనెనా, చేయి యెత్తిన చంక పట్టెనా చూడవలెను. పొడవు చాలనిచో అంచు విప్పి అల్లవచ్చును. భుజము వెడల్పైనచో దిద్దుట అంత సులువు కాదు. అందుచే మచ్చుముక్కను ముందే ఉతికి, ఆరినపిదప కొలుచుట మేలు.