గర్భిణులు – ఇంటివద్ద యోగాభ్యాసం



కడుపుతో ఉన్న అమ్మాయి యోగాసనాలు వేయవచ్చునా? ఈ ప్రశ్న ఇంట్లో అడిగి చూడండి. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెబుతారు. "వంగవద్దు, చేతులు పైకెత్తవద్దు, పేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుంది" అంటారు అత్తగారు. "రోజూ ఆసనాలు వేస్తే కాన్పు సులువైపోతుంది, ఆపరేషనే అక్కరలేదు" అంటుంది పక్కింటి వదినగారు. సెల్‌ఫోనులో చూస్తే నిండు గర్భిణి తలకిందులుగా నిలబడిన బొమ్మ కనిపిస్తుంది. ఈ ముగ్గురి మధ్య ఏది వినాలో తెలియక తికమకపడేది ఆ అమ్మాయే. అందుకని ఈనాటి ప్రసంగంలో ఇంట్లో ఏవి చేయవచ్చు, ఏవి కూడదు, ఎప్పుడు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి అన్న మూడు సంగతులు చెప్పుకుందాం.

ముందుగా అత్తగారి మాట చూద్దాం. బొడ్డుతాడు బిడ్డ మెడకు చుట్టుకోవడమన్నది నిజమే. కాని అది ఉమ్మనీటిలో బిడ్డ కదిలి పొర్లడం వల్ల జరుగుతుంది. తల్లి చేతులు పైకెత్తడానికీ దానికీ సంబంధం లేదు. ఇక వదినగారి మాట. యోగా వల్ల నడుమునొప్పి తగ్గుతుంది, నిద్ర పడుతుంది, మనసులోని భయం కొంత తీరుతుంది. అంతేగాని ఫలానా విధంగా కాన్పు అవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నిష్ఠగా సాధన చేసిన తల్లికి కూడా ఆపరేషను కావలసి రావచ్చు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికి ఉన్నా ఆసనాలు ఏం చేస్తాయి? అలాంటప్పుడు "సరిగా చేయలేదు కాబట్టే" అని ఆమెను నొప్పించడం అన్యాయం.

బెంగళూరులో ఒక ఆసుపత్రికి పరీక్షలకు వచ్చే 335 మంది గర్భిణులను పరిశీలించి, 2005లో ఆ ఫలితాలను ప్రకటించారు. వారిలో ఒక జట్టు రోజుకు గంటసేపు యోగా చేసింది. రెండో జట్టు రోజూ రెండు పూటలా అరగంట చొప్పున నడిచింది. యోగా చేసిన జట్టులో రెండున్నర కిలోలు, అంతకు మించి బరువుతో పుట్టిన పిల్లలు ఎక్కువమంది. నెలలు నిండక ముందే నొప్పులు వచ్చినవారు తక్కువ. అయితే ఎవరు ఏ జట్టులో ఉండాలన్నది చీట్లు వేసి నిర్ణయించలేదు. కాబట్టి అంతా యోగా మహిమేనని తేల్చి చెప్పడానికి వీల్లేదు. జాగ్రత్తగా చేస్తే మేలు జరిగే అవకాశం ఉందని మాత్రం ధైర్యంగా అనుకోవచ్చును.

జాగ్రత్త అని ఎందుకు అంటున్నాం? గర్భిణి శరీరం మామూలు శరీరం కాదు. ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. గుండెకు పని ఎక్కువవుతుంది. కీళ్లను పట్టి ఉంచే కట్లు వదులవుతాయి. అందువల్ల ఒళ్లు ఇదివరకటికన్నా తేలికగా వంగినట్టు అనిపించి, హద్దు దాటి సాగదీసుకునే ప్రమాదం ఉంది. పొట్ట ముందుకు రావడంతో నిలకడ తప్పుతుంది. నెలలు గడిచేకొద్దీ, వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్నెముక పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడి, కళ్లు తిరగవచ్చు, బిడ్డకు రక్తం తగ్గవచ్చు. అందుకే ఈ తొమ్మిది నెలలూ ఆసనాన్ని మన ఒంటికి తగినట్టు మార్చుకోవాలి. ఒంటిని ఆసనానికి తగినట్టు వంచకూడదు.

మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ అనుమతి తప్పనిసరి. ఇక్కడ మన సరిహద్దు జిల్లాల ఆడవాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఆసుపత్రిలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డు సాధారణంగా ఆయా రాష్ట్రభాషలో ఉంటుంది. కర్ణాటకలో దాన్ని తాయి కార్డు అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ పెరిగి, పొరుగు రాష్ట్రంలోకి కోడలిగా వచ్చిన అమ్మాయికి ఆ అక్షరాలు రాకపోవచ్చు. అడగాలంటే మొహమాటం. కార్డును భద్రంగా పెట్టెలో దాచుకుంటుంది, అందులో ఏముందో మాత్రం తెలియదు. తల్లీ, ఆ మొహమాటం వద్దు. ఆ భాష వచ్చిన ఆడపడుచునో, ఆశా కార్యకర్తనో వెంట తీసుకెళ్లి నాలుగు ప్రశ్నలు అడగండి. నా బి.పి. ఎంత? రక్తం ఎంత ఉంది? స్కానింగులో మాయ ఎక్కడ ఉంది? నేను వ్యాయామం చేయవచ్చునా, చేయకూడని కారణం ఏదైనా ఉందా?

ఈ అంకెలను గుర్తుంచుకోండి. బి.పి. 140/90, లేదా అంతకు మించి ఉంటే అది ఎక్కువ కింద లెక్క. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7కు తగ్గితే తీవ్రమైన రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా, అంటే నూటికి 52 మంది, రక్తహీనతతో ఉన్నారు. కనుక ఇది ఎవరికో వచ్చే జబ్బు కాదు. ప్రాణాయామంతో రక్తం పట్టదు. ఐరన్ మాత్రలు, ఆకుకూరలు, పప్పు, గుడ్డు ఉండవలసిందే. బి.పి. ఎక్కువగా ఉన్నవారు, రక్తస్రావం కనిపించినవారు, మాయ కిందికి ఉన్నవారు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవారు, గుండెజబ్బు ఉన్నవారు, రక్తం మరీ తక్కువగా ఉన్నవారు డాక్టరు ప్రత్యేకంగా సరేననేదాకా ఆసనాల జోలికి పోకూడదు. కవలలను మోస్తున్నవారు కూడా ముందుగా అడిగే చేయాలి.

ఇదివరకే అలవాటున్నవారు డాక్టరును అడిగి, తేలిక చేసుకుని కొనసాగించవచ్చు. కొత్తగా నేర్చుకునేవారు వేవిళ్లు తగ్గి, మూడు నెలలు దాటాక మొదలుపెట్టడం మేలు. అంతవరకు మెల్లగా నడక, నెమ్మదిగా శ్వాస చాలు.

ఇంట్లో ఏ ఏర్పాట్లు కావాలి? గాలి వచ్చే చోటు, జారని నేల, మడతపెట్టిన దుప్పటి లేదా జంపఖానా, రెండు దిండ్లు, ఆనుకోవడానికి గోడ. ఇంతే. కోలారు జిల్లా బెళ్లూరులో 1918లో పుట్టిన బి.కె.ఎస్. అయ్యంగారు గోడ, కుర్చీ, దుప్పటి, దిండు లాంటివాటిని ఆసరాగా పెట్టుకుని ఆసనం వేసే పద్ధతిని ప్రచారం చేశారు. ఆసరా తీసుకోవడం చేతకానితనం కాదు. గర్భిణికి అదే సరైన పద్ధతి. బాగా భోంచేశాక రెండు మూడు గంటలు ఆగాలి. అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు. అరటిపండో, కాస్త రాగిజావో తీసుకుని కొంతసేపటికి మొదలుపెట్టండి. వేసవిలో ఎండెక్కక ముందే ముగించండి. పక్కగదిలోనైనా ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు ఆసనాలు. మొదటిది తాడాసనం. గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి నిలబడండి. ఊపిరి పీలుస్తూ చేతులు పైకి, వదులుతూ కిందికి. ఇలా అయిదుసార్లు.

రెండోది మార్జాలాసనం, అంటే పిల్లిలాగా. మోకాళ్లు, అరచేతులు నేలకు ఆనించండి. ఊపిరి వదులుతూ వీపును పైకి గుండ్రంగా చేయండి. పీలుస్తూ మళ్లీ సమంగా, బల్లలాగా తీసుకురండి. నడుము కిందికి జారనివ్వకండి. నడుమునొప్పికి ఇది మంచి ఉపశమనం.

మూడోది బద్ధకోణాసనం. దుప్పటి మడత మీద కూర్చుని, గోడకు వీపు ఆనించి, రెండు పాదాలనూ కలపండి. మోకాళ్లను చేతులతో నొక్కవద్దు. వాటి కింద దిండ్లు పెట్టుకోండి. అలాగే కూర్చుని పాదాలను చాపి చీలమండలను గుండ్రంగా తిప్పితే పిక్కలు పట్టేయడం తగ్గుతుంది.

నాలుగోది ఎవరికీ కనిపించని వ్యాయామం. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు ఏ కండరాలను బిగిస్తామో వాటిని అయిదు లెక్కపెట్టేదాకా బిగించి వదలాలి. పదిసార్లు చేయాలి. మూత్రానికి వెళ్లినప్పుడు మాత్రం చేయకూడదు. కాన్పు తరువాత దగ్గినా తుమ్మినా బట్టలు తడిసే బాధ చాలామందికి ఉంటుంది, సిగ్గుతో చెప్పుకోరు. ఆ బాధ రాకుండా ఇది చాలావరకు కాపాడుతుంది.

తరువాత శ్వాస. ఒక ముక్కుతో పీల్చి రెండోదానితో వదిలే నాడీశోధన, తుమ్మెదలా శబ్దం చేసే భ్రామరి మంచివి. ఊపిరి బిగబట్టవద్దు. చివరగా శవాసనం వెల్లకిలా కాకుండా, ఎడమవైపు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. లేచేటప్పుడు పక్కకు ఒరిగి, చేతిమీద బరువు మోపి నిదానంగా లేవండి.

కూడనివి కూడా చెప్పుకుందాం. శీర్షాసనం, సర్వాంగాసనం వంటి తలకిందుల ఆసనాలు, బోర్లా పడుకుని వేసే భుజంగాసనం, ధనురాసనం, పొట్టను మెలితిప్పేవి, వెనక్కి బాగా వంగేవి, గెంతులతో కూడిన సూర్యనమస్కారాలు, కపాలభాతి, భస్త్రిక – ఇవన్నీ కాన్పు అయ్యేదాకా పక్కన పెట్టండి.

ఎంతసేపు చేయాలి? ఇబ్బందులు లేని గర్భిణికి వారానికి 150 నిమిషాల మధ్యరకం వ్యాయామం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నడకతో కలిపి వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున అనుకోండి. కొత్తవారు పది నిమిషాలతో మొదలుపెడితే చాలు. ఎక్కువైందా లేదా తెలుసుకోవడానికి గడియారం అక్కరలేదు. చేస్తూ పక్కవారితో మామూలుగా మాట్లాడగలిగితే సరిగ్గా ఉన్నట్టు. మాటకు మాటకు ఆయాసం వస్తుంటే ఎక్కువైనట్టు.

"మా కోడలు పొద్దున్నుంచీ వేరుశనగ చేలో వంగే ఉంటుంది, ఇంకా వ్యాయామం ఎందుకు?" అని కొందరు పెద్దలు అడుగుతారు. సరైన ప్రశ్నే. పొలం పనిలో కష్టం ఉంటుంది, విశ్రాంతి ఉండదు. పొద్దల్లా వంగిన నడుముకు కావలసింది మరింత శ్రమ కాదు. అలాంటి తల్లి మార్జాలాసనం, శ్వాస, ఎడమవైపు పడక, ఈ మూడే చేసినా చాలు. ఆ పదిహేను నిమిషాలూ ఆమెను ఎవరూ పిలవకుండా ఉండడమే ఇంట్లోవారు చేయగల సాయం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, ముఖం, చేతులు ఉబ్బినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, నెలలు నిండకుండా నొప్పులు వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా ఆసనం ఆపి వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. తలనొప్పి, చూపు మసక, వాపు అన్నవి పల్లెల్లో గుర్రపువాతం అనే ఫిట్లకు ముందుగుర్తులు కావచ్చు. "కాసేపు ప్రాణాయామం చేస్తే తగ్గుతుందిలే" అని కూర్చుంటే తల్లీబిడ్డల ప్రాణాలకే ముప్పు. 108కి ఫోన్ చేయండి. ఇది రాత్రా పగలా, మన రాష్ట్రమా పక్క రాష్ట్రమా అని ఆలోచించవలసిన సమయం కాదు. దగ్గరగా ఉన్న ఆసుపత్రే మన ఆసుపత్రి.

2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. వెళ్లినప్పుడు ఇందాక చెప్పుకున్న నాలుగు ప్రశ్నలూ అడగండి. జవాబులను మీకు వచ్చిన తెలుగులోనే ఒక కాగితం మీద రాసుకుని కార్డుకు జతచేయండి. మీరు చదవగలిగిన ఆ కాగితం అవసరమైన వేళ మీ ఇంట్లోవారందరికీ పనికి వస్తుంది.