‘మిసెలనీ’ అను మాట: దాని పుట్టుక, మనకు దానితో పని
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగమునకు మేము ఒక్క మాటనే యెన్నుకొన్నాము. పలువురి రచనలనో, పలు తీరుల రచనలనో ఒక్క సంపుటమున చేర్చినచో ఆంగ్లమున దానిని ‘మిసెలనీ’ యందురు. కలుపుట యను నర్థముగల ‘మిస్కేరె’ యను లాటిను క్రియ దీనికి మూలము. మన ‘మిశ్రము’నకును ఈ క్రియకును పుట్టిల్లొకటే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున ఈ మాట మనకు దూరపు చుట్టమే.

రోమను కవి జువెనల్ కాలమున ‘మిసెల్లానియా’ యనగా కత్తిసాము చేసి బ్రతుకు యోధులు తిను కలగలుపు కూడు. అట్టి మాటను 1489లో ఇటలీ పండితుడు పొలిజియానో తన వివిధ వ్యాసముల సంపుటికి పేరుగా పెట్టినాడు. ఇంగ్లండులో 1557న టాటెల్ అను ముద్రాపకుడు వెలువరించిన పద్యసంపుటిని తరువాతివారు ‘టాటెల్ మిసెలనీ’ యనిరి. అందలి ముఖ్యకవులు వయట్, సర్రీలు అప్పటికే గతించిరి. వ్రాతప్రతులలో చేతులు మారుచుండిన వారి పద్యములు ఆ సంపుటి వలన లోకమునకెక్కినవి.

మనకు ‘కదంబము’ కలదు. మైలాపూరు మాడవీథులలో మల్లె, కనకాంబరము, మరువము, దవనము కలిపి కట్టిన మాలయు కదంబమే. కూరలన్నియు కలిపి వండిన అన్నమును ఈ ఊర కదంబమే. లాటిను మాటవలె ఇదియు వంటయింటిని, వాఙ్మయమును రెంటిని ఎరుగును.

ఇట్టి కూర్పుల విలువ యేమి? పదునైదవ శతాబ్దమున మడికి సింగన పలు గ్రంథముల నుండి నీతిపద్యములను ఏరి ‘సకలనీతిసమ్మతము’ కూర్చినాడు. అందు పేర్కొన్న ‘ముద్రామాత్యము’ నేడు లభింపదు. సింగన యెత్తి వ్రాసిన పద్యములే మిగిలినవి. మన చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, మూలకావ్యములు నశింపగా పాత సంకలనములలో నిలిచిన పద్యములను చేర్చి 1918లో ‘ప్రబంధరత్నావళి’ని ప్రకటించిరి. నోటినోట తిరుగు చాటువులను సైతము వారు విడువక ‘చాటుపద్యమణిమంజరి’గా కూర్చిరి. మహాకావ్యములు పోయిన చోట కలగలుపు పుస్తకము నిలిచినది.

తరతరములుగా ఈ నగరమున నున్న మన యిండ్లలోను ఇట్టి పుస్తకములు కలవు. అవ్వల పెట్టెలలోని నోటుబుక్కులలో మంగళహారతులు, పెండ్లిపాటలు, పొడుపుకథలు, ఊరగాయల కొలతలు ఒకే చేతివ్రాతలో కలసి యుండును. కొన్ని తమిళలిపిలో వ్రాసికొన్న తెలుగు పాటలు. మనుమలకు తెలుగు చదువ రాదు. ఇల్లు మారునపుడు ఆ పుస్తకము పాతకాగితములతో తూకమునకు పోవును. అందలి పాట మరియెక్కడను లేకపోవచ్చును.

కావున సభ్యులకు మా విన్నపమిది. అట్టి పుస్తకము మీ యింట నున్నచో పారవేయకుడు. మంచి చెడ్డలు ఏరక, ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాయుడు. పాడినవారి పేరు, వారి పూర్వుల ఊరు, తెలిసినచో సంవత్సరము పక్కన చేర్చుడు. ఇంటిలో మాత్రమే వాడు మాటలకు అర్థము వ్రాయుడు. చదువరాని పిల్లలచేత విని పలికించుచు వ్రాయించినచో వారికి లిపియు వచ్చును, పాటయు నిలుచును.