నమ్మకానికీ లెక్క ఉండాలి
(ముస్లిం వర్తకులు, వృత్తి నిపుణుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారంలో నీతిని గురించి ప్రసంగించమని మమ్మల్ని కోరారు. అబద్ధమాడరాదని, తూకంలో మోసం చేయరాదని ఈ సభలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. కొలతల్లో తగ్గించేవారిని హెచ్చరిస్తూ ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉన్నది. అయితే నీతి తెలిసినవారే, నలుగురిలో గౌరవం గలవారే, కళ్లెదుట తప్పు జరుగుతుంటే ఎందుకు సంతకం చేస్తారు? ఎందుకు ఊరుకుంటారు? ఈ పూట దీనినే విచారించదలచాము.

మన హైదరాబాదులో జరిగిన ఉదంతమొకటి జ్ఞాపకం చేస్తాము. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు ఒక లేఖ రాశారు. లెక్కల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో అంగీకరించారు. ఆ సంస్థ బోర్డులో పేరెన్నికగన్న విద్యావేత్తలు ఉండేవారు. ఖాతాలు తనిఖీ చేసినది ప్రపంచ ప్రసిద్ధి గల ఆడిట్ సంస్థ. ఖాతాలో సొమ్ము ఉన్నదా అని బ్యాంకునే నేరుగా అడిగి నిర్ధారించుకోవడం ఆడిటర్‌కు ఓనమాల వంటిది. ఆ ఓనమాలే తప్పాయి. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం పది మందిని దోషులుగా తేల్చింది. వారిలో ఇద్దరు ఆడిటర్లు. ఆ తీర్పుపై దోషులు అప్పీలుకు వెళ్లారు.

ఒక్క మనిషి ఆడిన అబద్ధం అన్నేళ్లు నిలవడానికి ఎందరి మౌనమో తోడు కావాలి. బోర్డు ఆడిటర్‌ను నమ్మింది, ఆడిటర్ సంస్థ ఇచ్చిన కాగితాలను నమ్మాడు, వాటాదారులు ఇద్దరినీ నమ్మారు. చూడవలసిన బాధ్యత ఎవరిదో వారు చూడలేదు.

ఇది పెద్దల వ్యవహారం, మనకేమిటి అనుకోవద్దు. మన వాడల్లోనూ ఇదే జరిగింది. వడ్డీ హరామ్ అన్న భయభక్తులతో మన కుటుంబాలు చాలా వరకు బ్యాంకు డిపాజిట్లకు దూరంగా ఉంటాయి. గల్ఫ్‌లో చెమటోడ్చి పంపిన సొమ్ము, ఆడపిల్ల నికాహ్‌కని దాచిన సొమ్ము, ఇంటి స్థలం అమ్మగా వచ్చిన సొమ్ము ఎక్కడ పెట్టాలో తెలియదు. అటువంటి వేళ ఎవరో వచ్చి "ఇది హలాల్ లాభం, నెలనెలా ఇంత ఖాయం" అంటారు. చెప్పేది మన బంధువే. దుకాణం ప్రారంభోత్సవానికి దుఆ చేసేది మనం గౌరవించే పెద్దలే. మాలోనూ కొందరం అటువంటి సభల్లో ముందు వరుసలో కూర్చున్నవాళ్లమే. ఖాతాలు చూపమని ఒక్కరం అడగలేదు. ఆ దుకాణం తలుపులు మూతపడ్డాక మా గుమ్మం తొక్కిన తల్లులకు మేము ఏ జవాబూ చెప్పలేకపోయాము. ఆ సిగ్గుతోనే ఈ మాటలు చెబుతున్నాము.

"లాభం ఖాయం" అన్న మాట దగ్గరే మనం ఆగి ఉండవలసింది. ముదారబాలో లాభాన్ని ముందుగా అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. వ్యాపారి నిర్లక్ష్యం గానీ ద్రోహం గానీ లేనప్పుడు నష్టం పెట్టుబడిదారుడే భరిస్తాడు. పెట్టిన సొమ్ముపై నెలకింత అని ముందే ఖాయం చేస్తే అది ముదారబా కానే కాదు. ఈ చిన్న సంగతి చెప్పగలిగిన ఆలిములు మనలో ఉన్నారు. వారిని అడగలేదు. కొందరు అడగకుండా తామై చెప్పలేదు.

"మనవాడే కదా, కాగితమెందుకు" అనడం మర్యాద అనుకుంటాము. కానీ అప్పు వ్యవహారం రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశించే ఆయతు ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనది. రాత కోరడం అనుమానించడం కాదని మన ధర్మమే చెబుతున్నప్పుడు మొహమాటం దేనికి?

చట్టమూ మనకు అండగా ఉన్నది. క్రమబద్ధం కాని డిపాజిట్ పథకాలను 2019లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. అటువంటి పథకాల్లో చేరమని ప్రచారం చేయడం కూడా దాని కింద నేరమే. కమిషన్ కోసం చుట్టాలను చేర్పించే యువకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అనుమతి లేకుండా డిపాజిట్లు సేకరించేవారిపై రిజర్వు బ్యాంకు వారి 'సచేత్' పోర్టల్‌లో ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చును.

ఈ సభలో ఆడిటర్లు, వకీళ్లు, ఆలిములు, వర్తకులు ఉన్నారు. మీ చదువు, మీ పేరు సమాజం మీ వద్ద ఉంచిన అమానత్. ఆడిటర్ బ్యాంకును అడగనిదే సంతకం చేయరాదు. వకీలు రిజిస్ట్రేషన్ పత్రాలు చూడనిదే భరోసా ఇవ్వరాదు. ఆలిం ఒప్పందం చదవనిదే హలాల్ అనరాదు. అడిగినందుకు ఒక మిత్రుడు దూరం కావచ్చు, ఒక ఫీజు పోవచ్చు. అడగనందుకు పోయేది ఎవరి సొమ్మో మనం చూశాము.

మా వంతుగా ఒక నిర్ణయం తీసుకున్నాము. లెక్కలు చూపని ఏ సంస్థ వేదికపైనా ఇకపై మేము కూర్చోము, మా పేరు వాడుకోనివ్వము. నెలకొక ఆదివారం ఇదే హాలులో కూర్చుని, ఎవరు ఏ పథకం కాగితాలు తెచ్చినా ఉచితంగా చదివి అర్థం చెబుతాము. ఆ పనికి ఇద్దరు ఆడిటర్లు, ఒక వకీలు, ఒక ఆలిం కావాలి. సభ ముగిశాక పేర్లు ఇవ్వవలసిందిగా మనవి. సెలవు.