సీసా మీద ‘ఎమ్’ ఉందా, ‘ఎన్’ ఉందా?

(షోలాపూర్‌లో రంగు ఖాతా, బ్లీచింగ్ ఖాతా కార్మికుల సభలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆదివారం పూట ఇంటిపనులు పక్కన పెట్టి వచ్చారు. బోనస్ గురించో పగార్ గురించో మాట్లాడతామనుకున్నవాళ్ళూ మీలో ఉన్నారు. ఇవాళ మాట్లాడేది తేజాబ్ గురించి, కాస్టిక్ గురించి. తిరిగి తిరిగి అది కూడా పగార్ దగ్గరికే వస్తుంది. ఎలాగో వినండి.

మేము ఇదివరకు పనిచేసిన ఒక మిల్లులో జరిగిన సంగతి ఇది. మెర్సరైజింగ్ అయిన నూలును కడిగి, అందులో మిగిలిన కాస్టిక్‌ను తేజాబ్‌తో చంపి, తర్వాత రంగుకు పంపేవాళ్ళం. తొట్టి 1000 లీటర్లది. పాళీ మీదున్న అన్న రోజూ చేసినట్టే తొట్టి నీళ్ళు 10 మిల్లీలీటర్లు పిపెట్‌తో తీసి, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేసి, బ్యూరెట్ నుంచి సల్ఫ్యూరిక్ ఆసిడ్ వదిలాడు. గులాబీ రంగు పోయేసరికి 10 మిల్లీలీటర్లు అయింది. గోడ మీద చార్టులో ‘రీడింగును 0.4తో గుణించు’ అని ఉంది. అంటే లీటరుకు 4 గ్రాముల కాస్టిక్. ఆ లెక్కకు ఎంత తేజాబ్ కావాలో అంతే కొలిచి పోశాడు. నూలు రియాక్టివ్ రంగులో పడి బయటికి వచ్చేసరికి ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా, ఒళ్ళంతా మచ్చలే. లాటు మొత్తం పాడైంది.

‘తేజాబ్ తక్కువ పోశావు, నష్టం నీ పగార్‌లో కోస్తాం’ అన్నారు. ఆ అన్నకు ఒక మంచి అలవాటుంది. తేదీ, పాళీ, రీడింగు జేబులో నోటుబుక్కులో రాసుకునేవాడు. తెరిచి చూస్తే అంతకుముందు రోజులన్నీ 19, 20, 21. ఆ రోజు ఒక్కటే 10. ఇంత సరిగ్గా సగానికి ఎందుకు పడిపోయింది? లాబొరేటరీకి వెళ్ళి అడిగాం. పాత సీసా మీద 0.1 ఎన్ అని ఉంది. అది ఖాళీ అయితే కొత్త కెమిస్టు కలిపిపెట్టిన సీసా మీద 0.1 ఎమ్ అని ఉంది. చార్టు మాత్రం పాతదే.

ఎమ్ అంటే మోలారిటీ, ఎన్ అంటే నార్మాలిటీ. పుస్తకంలో చదివితే తల తిరుగుతుంది గాని, నూలు తెలిసినవాళ్ళకు ఇది కష్టమేమీ కాదు. 20 నెంబరు నూలు ఒక కిలో, 40 నెంబరు నూలు ఒక కిలో తూస్తే తూకం ఒకటే. పొడవు ఒకటేనా? 40 నెంబరు రెండింతలు వస్తుంది. రసాయనాలూ అంతే. కిలో కాస్టిక్‌లో ఉన్నన్ని అణువులు కిలో తేజాబ్‌లో ఉండవు. అందుకే కెమిస్టు తూకంతో ఊరుకోకుండా లెక్కతో కొలుస్తాడు. ఆ లెక్కకు పేరు మోల్. మనకు డజను లాంటిదే, కాకపోతే 6 పక్కన 23 సున్నాలంత పెద్ద డజను. కాస్టిక్ సోడా ఒక మోల్ 40 గ్రాములు, సల్ఫ్యూరిక్ ఆసిడ్ ఒక మోల్ 98 గ్రాములు. లీటరు ద్రావణంలో ఒక మోల్ ఉంటే అది 1 ఎమ్.

మరి ఎన్ ఎందుకు? 2/40 నూలు తీసుకోండి. పైకి ఒకే దారం, పురి విప్పితే రెండు పోగులు. సల్ఫ్యూరిక్ ఆసిడ్ అలాంటి రెండు పోగుల దారం. ఒక్క అణువు రెండు కాస్టిక్ అణువులను చంపుతుంది. కాస్టిక్ ఒంటి పోగు. ఉప్పు తేజాబ్, అంటే హైడ్రోక్లోరిక్, అదీ ఒంటి పోగే. అసిటిక్ కూడా అంతే. దారాలు లెక్కపెడితే మోలారిటీ, పోగులు లెక్కపెడితే నార్మాలిటీ. కాస్టిక్‌కు 1 ఎమ్ అన్నా 1 ఎన్ అన్నా లీటరుకు 40 గ్రాములే. సల్ఫ్యూరిక్‌కు 1 ఎమ్ అంటే 98 గ్రాములు, 1 ఎన్ అంటే అందులో సగం, 49 గ్రాములు. కాబట్టి 0.1 ఎమ్ సీసాలో ఉన్నది నిజానికి 0.2 ఎన్. బలం రెట్టింపు గనుక సగానికే గులాబీ రంగు పోయింది.

ఇప్పుడు ఆ తొట్టి లెక్క మళ్ళీ వేద్దాం. అసలున్నది లీటరుకు 8 గ్రాములు. 1000 లీటర్లకు 8 కిలోలు. 40తో భాగిస్తే 200. దాన్ని 49తో గుణిస్తే 9.8 కిలోల తేజాబ్ కావాలి. చార్టు నమ్మి పోసింది 4.9 కిలోలు. 4 కిలోల కాస్టిక్ నూలులోనే ఉండిపోయింది. రియాక్టివ్ రంగు కారం తగలగానే పట్టుకుంటుంది గదా, ఎక్కడ కాస్టిక్ ఎక్కువుంటే అక్కడ ముందే పట్టేసింది. తప్పు ఇటువైపు కాక అటువైపు జరిగితే ఇంకా చేటు. ‘మోల్‌కు మోల్’ అని 49 బదులు 98తో లెక్కవేసి 19.6 కిలోలు పోస్తే, మిగిలిన తేజాబ్ నూలులోనే ఆరి దారాన్ని తినేస్తుంది. అది రంగు ఖాతాలో కనబడదు. మగ్గం మీద పోగులు తెగుతుంటే సాంచా నడిపేవాడిని తిడతారు.

బ్లీచింగ్ ఖాతావాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పెరాక్సైడ్ బలం చూడటానికి వాడే పర్మాంగనేట్ ఆ పరీక్షలో ఐదు పోగుల దారం. దాని 1 ఎమ్ అంటే 5 ఎన్. అక్కడ ఎమ్‌కూ ఎన్‌కూ తేడా రెట్టింపు కాదు, ఐదింతలు. 0.1 ఎన్ పర్మాంగనేట్‌తో 10 మిల్లీలీటర్ల తొట్టి నీళ్ళు పరీక్షిస్తే రీడింగును 0.17తో గుణించాలి, లీటరుకు ఎన్ని గ్రాముల పెరాక్సైడో వస్తుంది. సీసా మారితే ఈ 0.17 పనికిరాదు.

కలపడం గురించి కూడా ఒక మాట. లీటరు నీళ్ళలో 40 గ్రాముల కాస్టిక్ వేస్తే 1 ఎన్ అయిపోదు. ముందు కొంచెం నీళ్ళలో కరిగించి, చల్లారనిచ్చి, తర్వాత నీళ్ళు పోసి లీటరు గీతకు తేవాలి. సల్ఫ్యూరిక్ 1 ఎన్‌కు 98 శాతం తేజాబ్ 50 గ్రాములు, అంటే సుమారు 27 మిల్లీలీటర్లు. సుమారు అంటున్నాం గనుక కలిపినదాన్ని పరీక్షించి సరిచూశాకే చీటీ అంటించాలి. 700 మిల్లీలీటర్ల నీళ్ళు ముందుంచి, కలుపుతూ సన్నగా తేజాబ్ పోయాలి. నీళ్ళలో తేజాబ్, అంతేగాని తేజాబ్‌లో నీళ్ళు ఎన్నడూ పోయవద్దు. వేడికి ఎగిరి మొహాన పడుతుంది. కంటద్దాలు, రబ్బరు చేతిజోళ్ళు అడిగితే ‘రెండు చెంచాల పనికి అవి ఎందుకు’ అనే సూపర్‌వైజర్లున్నారు. కన్ను పోవడానికి రెండు చుక్కలు చాలు.

పగార్ మాట చెప్పి ముగిస్తాం. పనివాడికి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా నష్టం పేరుతో కోత వేయకూడదని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉండేది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. ఆ అన్న నోటుబుక్కు, ఆ రెండు సీసాలు పక్కపక్కన పెట్టి జవాబు చెప్పాం. కోత ఆగింది. పోయిన లాటు ఖర్చు ఎవరి ఖాతాలో రాసుకున్నారో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

యూనియన్ తరఫున మనం అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ప్రతి సీసా మీద రసాయనం పేరు, ఎమ్మో ఎన్నో, కలిపిన తేదీ, కలిపినవారి సంతకం ఉండాలి. సీసా మారిన రోజే చార్టు మారాలి. ఆ చార్టు మరాఠీలోనూ తెలుగులోనూ ఉండాలి. అంతవరకు ఎవరి నోటుబుక్కు వాళ్ళు రాయండి, రీడింగు పక్కన సీసా మీద ఉన్నది ఉన్నట్టు దింపుకోండి.

ఈ బల్ల మీద రెండు సీసాలున్నాయి. ఒకటి 0.1 ఎమ్, ఒకటి 0.1 ఎన్. చీటీలు చింపేశాం. ఏది ఏదో కాస్టిక్ నీళ్ళతో మీరే పరీక్షించి చెప్పాలి. మొదట బ్లీచింగ్ ఖాతా అక్కలు రండి. కంటద్దాలు అక్కడ డబ్బాలో ఉన్నాయి.