మొద్దు యనకుడు: చదువులో తడబడు బిడ్డను గూర్చి తల్లిదండ్రులకు నాలుగు మాటలు

(జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల తల్లిదండ్రులకు చేసిన ప్రసంగ పాఠము)



మునేటి గట్టు పల్లెలనుండియు, పాలేటి యొడ్డునుండియు పనులు మానుకొని ఇచ్చటికి వచ్చితిరి. మిరపకోతల కాలములో ఒక పూట కూలి పోగొట్టుకొనుట ఎంత కష్టమో మేమెరుగుదుము. కావున మీకు పనికివచ్చు మాటలే చెప్పెదము.

మన మెట్ట గ్రామములలో ఇట్టి బిడ్డను మీరు చూచియే యుందురు. సంతలో చిల్లర లెక్క తప్పడు. సైకిలు గొలుసు ఊడినచో క్షణములో అమర్చును. విన్న కథను పొల్లుపోకుండ చెప్పును. కాని పుస్తకము తెరువగానే తడబడును. 'ప'ను 'వ'గా చదువును, వత్తులు వదలివేయును, నిన్న నేర్చిన మాటను నేడు క్రొత్తదానివలె చూచును. బడిలో సోమరి యందురు, ఇంటిలో మొద్దు యందురు. తుదకు బిడ్డయు తాను మొద్దునేయని నమ్మును. ఆ నమ్మకమే అసలు ప్రమాదము. ఒకనాడు పుస్తకముల సంచి మూలబెట్టి పత్తి తీయబోవును. ఆడపిల్లయైనచో పెండ్లి మాటలు మొదలగును.

ఇది సోమరితనము కాదు, తెలివితక్కువయు కాదు. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అను వైద్యుడు 14 ఏండ్ల బాలుని గూర్చి వ్రాసెను. అతడు తెలివిగలవాడు, చూపు బాగుగనే యున్నది. అంకెలు చదువగలిగెను, మాటలు మాత్రము చదువలేకపోయెను. నేడు దీనిని డిస్లెక్సియా యందురు. అక్షరమును ధ్వనితో జతపరచుటలో మెదడు పనిచేయు తీరు వేరుగనుండుటయే దీనికి మూలము. వ్రాతలోను, లెక్కలలోను ఇట్టి ఇబ్బందులే కొందరికి కలుగును. మన తెలుగును వ్రాసినట్లే పలుకుదుము, నిజమే. కాని గుణింతములు, వత్తులు కలిసి అక్షర రూపములు వందలకొలది యగును. ఇట్టి బిడ్డకు అది పెద్ద బరువు. దీనికి మందు లేదు. ఓర్పుతో, తగిన పద్ధతిలో నేర్పుటయే ఉపాయము.

మొదట కన్ను, చెవి పరీక్ష చేయించుడు. నల్లబల్ల కనబడని బిడ్డయు చదువురానివానివలెనే యుండును. పిదప ఉపాధ్యాయునితో మాటలాడుడు. సమగ్ర శిక్ష క్రింద నడచు భవిత కేంద్రములలోని ప్రత్యేక ఉపాధ్యాయుల సలహా తీసికొనుడు.

ఇంటిలో దినమునకు పావుగంట చాలును. పళ్ళెములో బియ్యము పరచి, ఒక్క అక్షరమును వ్రేలితో దిద్దించుచు దాని ధ్వనిని పలికించుడు. చదువురాని తల్లియు ఈ సాయము చేయగలదు. అక్కచేత పాఠము చదివించి వినిపించి, విన్నదానిని నోట చెప్పించుడు. చెల్లెలితో పోల్చవలదు. కొట్టవలదు, భయపడిన బిడ్డకు వచ్చిన అక్షరమును మరుపునకు వచ్చును. బడిలో కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ ఇబ్బందిని గుర్తించినది. దీనిని వీలైనంత త్వరగా కనిపెట్టి, తగిన బోధన చేయుట బడుల విధియని చెప్పినది. పరీక్షలో అదనపు సమయము, వ్రాసిపెట్టు సహాయకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు వంటి సౌకర్యములను గూడ పేర్కొన్నది. 2022 నుండి మన ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది; ధ్రువపత్రమునకు ఎచ్చట దరఖాస్తు చేయవలెనో భవిత ఉపాధ్యాయులను అడుగుడు. పదవ తరగతి వచ్చువరకు ఆగవలదు.

చివరగా ఒక్క మాట. ఈ ఇబ్బంది తరచుగా కుటుంబములలో కనుపించును. మీలో కొందరు చిన్ననాడు అక్షరములతో పోరాడి, ఓడి, బడి విడిచియుందురు. ఆనాడు మీకు ధైర్యము చెప్పువారు లేకపోయిరి. మీ బిడ్డకు మీరున్నారు. నేటి రాత్రి అన్నము తినునప్పుడు బిడ్డను దగ్గరకు తీసికొని, "నీవు మొద్దువు కావు, మనమిద్దరము నేర్చుకొందము" అని చెప్పుడు. చదువు అచ్చటనే మొదలగును.